గినీ పిగ్‌కు చోటు: బోను కొనే ముందు గది చూడాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్, గద్వాల వైపు ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 42 నుంచి 45 డిగ్రీల దాకా పోతుంది. గినీ పిగ్ పేరులో పిగ్ ఉన్నా పంది కాదు, ఇంట్లో పెంచుకునే చిన్న బొచ్చు జంతువు. దీనికి హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీల మధ్య. 27 దాటితే ఇబ్బంది పడుతుంది. 30 దాటిన గదిలో గంటల తరబడి ఉంటే వడదెబ్బ తగలొచ్చు. దక్షిణ తెలంగాణలో ఈ జంతువును పెంచడంలో అసలు చిక్కు ఈ తేడాయే. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు చలిదేశాల వాళ్లు రాసుకున్నవి. బోను కొలతలతో మొదలుపెడతారు, చలిగాలి తగలనివ్వొద్దని హెచ్చరిస్తారు. ఇక్కడ ఆ వరుస పనికిరాదు. ముందు గది చూసుకోవాలి, తర్వాత నేల వైశాల్యం, ఆ తర్వాతే బోను. షాపులో మాత్రం బోనే ముందు చేతిలో పెడతారు.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల మీద పెరిగిన జాతి ఇది. ఒంటినిండా దట్టమైన బొచ్చు ఉంటుంది, మనిషిలా చెమట పట్టదు, కుక్కలా నాలుక చాపి రొప్పుతూ వేడిని వదిలించుకోవడమూ దీనికి చేతకాదు. మామూలుగానే ఒంటి వేడి 38, 39 డిగ్రీల దగ్గర ఉంటుంది. చుట్టూ గాలి అంతే వేడెక్కితే లోపలి వేడి పోవడానికి దారి ఉండదు. పైన ఫ్యాను తిరుగుతోంది కదా అనుకోవడం పొరపాటు. ఫ్యాను గాలికి మనకు చల్లగా అనిపించేది చెమట ఆరడం వల్ల. చెమటే లేని జంతువుకు 40 డిగ్రీల గదిలో ఫ్యాను వేస్తే వడగాలి తగిలినట్టే.

గది ఎంపిక

ఒకే ఇంట్లో గదికీ గదికీ మధ్య వేడి తేడా చాలా ఉంటుంది. పై అంతస్తులో నేరుగా స్లాబ్ కింద ఉన్న గది అన్నిటికంటే చెడ్డది. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు ఆ వేడిని సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా కిందికి వదులుతూనే ఉంటుంది. బయట గాలి చల్లబడినా లోపల ఉక్క తగ్గదు. మేడ మీద కట్టిన పెంట్‌హౌస్ గదులు, రేకుల షెడ్లు, పడమటి గోడ ఎండకు ఉన్న గదులు కూడా ఈ లెక్కలోనివే. బాల్కనీ, వరండా సంగతి అసలు ఆలోచించనక్కర్లేదు. పొద్దున నీడగా ఉన్న మూల మూడింటికి ఎండలో ఉంటుంది, బోనులోని జంతువు జరగడానికి చోటుండదు.

కింది అంతస్తులో ఉత్తరం లేదా తూర్పు వైపు గది మేలు. పైన ఇంకో పోర్షన్ ఉంటే మరీ మంచిది, స్లాబ్ వేడి పైవాళ్లకే సరిపోతుంది. పాత పెంకుటిళ్లలో మందపాటి మట్టిగోడల మధ్య గది కొత్త డాబా కంటే చల్లగా ఉంటుంది గానీ, పెంకుల సందుల్లోంచి ఎలుకలు, పిల్లులు దిగే బాధ ఉంది. షాబాదు బండలు, తాండూరు బండలు పరిచిన నేల ఇక్కడి ఇళ్లకు ఉన్న పెద్ద లాభం. నేలను ఆనుకుని ఉండే గాలి ఎప్పుడూ కొంత చల్లగా ఉంటుంది కాబట్టి, వేసవిలో బోను టేబుల్ మీద కంటే నేల మీద ఉండటమే నయం. మిగతా కాలాల్లో రెండడుగుల ఎత్తు బల్ల మీద పెడితే శుభ్రం చేసే వాళ్ల నడుముకు సుఖం. పైనుంచి చెయ్యి దిగితే గద్ద వాలినట్టు బెదిరే జంతువుకూ అది సుఖమే.

గది బాగుందో లేదో ఊహించి చెప్పలేం, కొలవాలి. చిన్న డిజిటల్ థర్మామీటర్‌ను బోను అడుగు ఉండబోయే ఎత్తులో పెట్టి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి చూడాలి. చాలామంది మధ్యాహ్నం అంకె చూసి ఊరుకుంటారు. స్లాబ్ ఇళ్లలో రాత్రి పదింటి అంకే అసలు సంగతి చెబుతుంది. మే నెలలో ఆ వేళకూ 32 కనిపించే గదికి ఏసీ లేకుండా ఏ బోనూ సరిపోదు.

కూలర్ విషయంలో ఒక లెక్క ఉంది. గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో కూలర్ బాగా పనిచేస్తుంది, ఎదురు కిటికీ తెరిచి ఉంటే గదిని 30 డిగ్రీల దగ్గరికి తెస్తుంది. అంతకంటే కిందికి దింపడం కష్టం. తలుపులు, కిటికీలు మూసేసి కూలర్ వేస్తే తేమ గదిలోనే నిలిచి ఉక్కపోత పెరుగుతుంది. జూన్‌లో వానలు మొదలై గాలిలో తేమ వచ్చాక కూలర్ వల్ల చల్లదనం రాదు, పరుపు తడుస్తుంది అంతే. ఏసీ ఉంటే 25, 26 దగ్గర పెట్టి, గాలి నేరుగా బోను మీదికి రాకుండా చూసుకోవాలి. ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు. అందుకే కరెంటు పోయే వేళకు ఫ్రీజర్‌లో నాలుగు లీటరు సీసాల నీళ్లు గడ్డకట్టించి ఉంచుకోవాలి. ఒక్కోదాన్ని పాత టవల్‌లో చుట్టి బోనులో పడుకోబెడితే జంతువులు దానికి ఆనుకుని పడుకుంటాయి.

అద్దె పోర్షన్ పై అంతస్తులోనే దొరికితే స్లాబ్ మీద సున్నం గానీ తెల్ల కూల్ పెయింట్ గానీ వేయించడం ఖర్చు తక్కువ మార్గం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకోసమే. ఇంటివాళ్లు ఒప్పుకుంటే మనుషులకూ మేలే.

వడదెబ్బ గుర్తులు తెలిసి ఉండాలి. బోర్లా చాచుకుని పడుకుని కదలకపోవడం, ఊపిరి వేగంగా తీయడం, నోటి చుట్టూ చొంగ తడి, పట్టుకుంటే చేతిలో వాలిపోవడం. అప్పుడు వెంటనే చల్లని గదిలోకి మార్చి, మామూలు చల్లటి నీళ్లతో చెవులు, పాదాలు తడపాలి, తడిగుడ్డ మీద పడుకోబెట్టాలి. ఐసు నీళ్లలో ముంచితే పైపై రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఆగిపోతుంది. జిల్లా పశువైద్యశాలల్లో రోజూ వచ్చేవి గేదెలు, గొర్రెలు, మేకలు. చిన్న జంతువులకు అలవాటైన వైద్యం కోసం చాలాసార్లు హైదరాబాద్ వెళ్లాల్సి వస్తుంది. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా అది వంద కిలోమీటర్ల దారి. వేసవిలో ఆ ప్రయాణం తెల్లవారుజామునే పెట్టుకోవాలి.

ఎంత చోటు

గినీ పిగ్ ఒంటరిగా బతికే జీవి కాదు. తోడు లేకపోతే తిండి తగ్గించి మూలకు కూర్చుంటుంది. స్విట్జర్లాండ్‌లో ఒక్కదాన్నే పెంచడం చట్టవిరుద్ధం కూడా. కాబట్టి లెక్క రెండింటితో మొదలవ్వాలి. రెండింటికి కనీసం 7.5 చదరపు అడుగుల నేల కావాలి, 10.5 ఉంటే మంచిది. మూడింటికి 13 దాకా పోవాలి. రెండూ మగవైతే కనీసం లెక్కతో సరిపెట్టకూడదు. ఒకదానికొకటి కనబడకుండా తప్పుకునే చోటు లేకపోతే పళ్లు కటకటలాడించడంతో మొదలై కొరుకుళ్ల దాకా వస్తుంది.

ఇది ఒకే అంతస్తు నేల లెక్క. షాపుల్లో దొరికే మూడంతస్తుల బోను చూడ్డానికి పెద్దగా కనిపిస్తుంది గానీ, ఒక్కో అంతస్తు రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. అంటే మూడు చదరపు అడుగులు. గినీ పిగ్ ఎలుకలా ఎక్కి దిగేది కాదు, కిలో బరువు దాకా ఉండే పొట్టి కాళ్ల జంతువు. అడుగున్నర ఎత్తు నుంచి పడినా కాలు విరగొచ్చు. వాటికి కావాల్సింది తిన్నగా పరుగెత్తే దారి. సంతోషం వస్తే ఉన్నచోటే గాల్లోకి ఎగిరి గంతేస్తాయి, ఒకదాని వెనక ఒకటి బారుగా తిరుగుతాయి. అందుకే 3.5 అడుగుల చదరం కంటే 5 అడుగుల పొడవు, 2.5 అడుగుల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం మేలు, వైశాల్యం దాదాపు సమానమే అయినా. పైన చిన్న అటక పెట్టాలనిపిస్తే పెట్టొచ్చు. ఎక్కడానికి వాలు 30 డిగ్రీలు మించని ఏటవాలు బల్ల, దాని పక్కలకు అడ్డు ఉండాలి. ఆ అటకను వైశాల్యంలో కలపకూడదు.

పాత అక్వేరియం వాడేవాళ్లు కొందరున్నారు. గాజు తొట్టెలో గాలి ఆడదు, మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా అడుగునే నిలుస్తుంది, ఇక్కడి వేసవిలో అది పొయ్యి. చిలకల పంజరం, లోపల పరుగెత్తించే చక్రం, జంతువును లోపల పెట్టి దొర్లనిచ్చే ప్లాస్టిక్ బంతి కూడా వద్దు. చక్రం, బంతి వెన్నెముకను వంచేస్తాయి. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో ఏ జంతువును ఉంచినా నేరమే. ఆ మాట బోను అమ్మేవాళ్లకు తెలిస్తే సగం సరుకు అటక ఎక్కాలి.

కట్టించడం

షాపు బోను కొనే డబ్బుతో నాలుగింతల చోటు ఇంట్లోనే తయారవుతుంది. ఫ్లెక్సీలు ప్రింటు చేసే ప్రతి షాపులో సన్‌ప్యాక్ షీటు (మధ్యలో బోలుగా, రెండు పొరలుగా ఉండే ప్లాస్టిక్ అట్ట) దొరుకుతుంది, ఎన్నికల బోర్డులకు వాడేది అదే. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న, 4 లేదా 5 మిల్లీమీటర్ల మందం షీటు ఒకటి అడుగుకు చాలు. గోడలకు 14 అంగుళాల చదరపు ఇనుప గ్రిడ్లు ఆన్‌లైన్‌లో వస్తాయి. పొడవుకు నాలుగు, వెడల్పుకు రెండు చొప్పున చుట్టూ 12 గ్రిడ్లు పడతాయి. లోపల 56 అంగుళాలకు 28 అంగుళాల నేల వస్తుంది, అంటే దాదాపు 11 చదరపు అడుగులు. గ్రిడ్ కన్నం ఒకటిన్నర అంగుళం మించకూడదు. పెద్ద కన్నాల్లో గినీ పిగ్ పిల్లల తల ఇరుక్కుపోతుంది.

ముందు గ్రిడ్లను జిప్ టైలతో (లాగి బిగించే ప్లాస్టిక్ పట్టీలు) బిగించి లోపలి కొలత మళ్లీ తీయాలి. కీళ్ల దగ్గర అర అంగుళం అటూ ఇటూ అవుతుంది, అది చూడకుండా షీటు కోసినవాళ్లకు అడుగు సరిగ్గా కూర్చోదు. కొలతకు నాలుగు వైపులా 6 అంగుళాలు కలిపి షీటు కోయాలి, పైలెక్క ప్రకారం 68 అంగుళాలకు 40. 6 అంగుళాల దగ్గర గీత గీసి, కట్టర్‌తో పైపొర మాత్రమే కోయాలి. రెండో పొర తెగకుండా ఉంటే కోసిన వైపు బయటికి వచ్చేలా షీటు వంగి గోడలా లేస్తుంది. నాలుగు మూలల్లో 6 అంగుళాల మేర పూర్తిగా ఒక్కో కోత పెట్టి, రెక్కను మడిచి బయటి వైపు టేపు వేయాలి. లోపల టేపు కనబడితే కొరికి తింటాయి. జిప్ టైల కొసలు కూడా బయటికే ఉండాలి. ఈ 6 అంగుళాల గోడ వల్ల గడ్డి, పెంటికలు గదంతా పడవు.

వెల్డింగ్ షాపులో చేయిస్తే ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. కోళ్ల గూళ్లు చేసిన అలవాటుతో అడుగున కూడా జాలీ వేసేస్తారు, పెంటికలు కిందికి రాలిపోతాయని. జాలీ నేల మీద నిలబడే గినీ పిగ్ అరికాళ్లకు పుండ్లు పడతాయి, కాళ్లు కన్నాల్లో ఇరుక్కుని విరుగుతాయి. అడుగు గట్టి రేకు ట్రేగా ఉండి, సొరుగులా బయటికి లాగేలా చేయమనాలి. రంగు వేయించాక వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు వారాలు ఎండనివ్వాలి. ప్లైవుడ్ పెట్టె అయితే మూత్రం పీల్చుకుని ఆరు నెలల్లో ఉబ్బి వాసన కొడుతుంది, లోపల వినైల్ షీటు అంటించక తప్పదు.

నేల, పరుపు

ఈ ప్రాంతంలో చవగ్గా దొరికేవాటితో మొదలుపెడదాం. మిర్యాలగూడ మిల్లుల దగ్గర ఊకకు కొదవ లేదు, కోళ్ల ఫారాల్లో అదే పరుస్తారు. గినీ పిగ్‌కు పనికిరాదు. కొసలు వాడిగా ఉంటాయి, కళ్లలో గుచ్చుకుంటాయి, తడి పీల్చే గుణం తక్కువ, దుమ్ము ఎక్కువ. పాలమూరు వైపు దొరికే వేరుశనగ పొట్టు వానాకాలంలో బూజు పడుతుంది. సా మిల్లు రంపపు పొట్టు ముక్కుల్లో దూరి ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. వడ్రంగి చిత్రిక పట్టిన చెక్క పొరలు ఫర్వాలేదనిపిస్తాయి గానీ, అందులో ప్లైవుడ్ జిగురు, పాలిష్ కలిసి ఉంటాయి. వరిగడ్డి పరుపుగా కొంత నయం, అది కూడా గట్టి కాండాలు ఏరేశాకే.

బాగా పనిచేసేది రెండు పొరల పద్ధతి. అడుగున పాత టవళ్లు లేదా మందపాటి నూలు గుడ్డలు, పైన ఫ్లీసు (మెత్తటి పాలిస్టర్) దుప్పటి. ఫ్లీసు తడిని కిందికి వదిలేసి తాను పొడిగా ఉంటుంది. కొత్త ఫ్లీసు అలా చేయదు. మూడు నాలుగు సార్లు వేడినీళ్లలో, కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్ వేయకుండా ఉతికాకే నీళ్లు దిగుతాయి. అర గ్లాసు నీళ్లు పోసి చూస్తే తెలిసిపోతుంది. ఒక నిమిషంలో పైన తడి లేకపోతే సిద్ధమైనట్టు. నూలు బొంత ఒక్కటే పరిస్తే తడి పైనే నిలుస్తుంది, దాని మీద పొద్దస్తమానం నిలబడే అరికాళ్లు ఎర్రబడి, చిట్లి, చీము పడతాయి. అలాంటి పుండుకు ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ మాత్ర వేయడం ప్రాణాంతకం. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు దీని పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి.

పెంటికలు రోజూ ఊడ్చాలి, పరుపు మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి. వానాకాలంలో ఉతికిన ఫ్లీసు రెండు రోజులైనా ఆరదు, కాబట్టి మూడు జతలు ఉండాలి. సగం ఆరిన గుడ్డ వేస్తే తామర లాంటి చర్మవ్యాధి వస్తుంది. మూత్రంలో సున్నం ఎక్కువ, ఎండితే తెల్లటి పొరలా అంటుకుంటుంది. వెనిగర్, నీళ్లు సమంగా కలిపి పది నిమిషాలు వదిలేస్తే ఊడివస్తుంది. ఫినాయిల్ వద్దు. తెల్ల పొడి మామూలే, ఇసుకలా గరుకుగా తగిలినా ఎరుపు కనిపించినా మూత్రాశయంలో రాయి ఉందేమో చూపించాలి.

వేసవిలో పరుపు మీద ఒక మూల అడుగు చదరపు కడప బండ ముక్కో షాబాదు ముక్కో వేస్తే దాని మీద పొట్ట ఆనించి పడుకుంటాయి, గోళ్లూ అరుగుతాయి. బోను అడుగంతా బండే అయితే మాత్రం కాళ్లు జారి, గట్టిదనానికి అరికాళ్లు నొస్తాయి.

లోపలి సామాను

ఒక్కోదానికి ఒక గూడు, ప్రతి గూటికి రెండు దారులు. ఒకే దారి ఉంటే బలమైనది గుమ్మంలో కూర్చుంటే రెండోది లోపల చిక్కుకుపోతుంది. కుమ్మరి దగ్గర మట్టికుండను అడ్డంగా రెండు వైపులా కోయించి, అంచులు నున్నగా రాయించి వాడితే వేసవికి అంతకంటే మంచి గూడు లేదు. పొద్దున పావుగంట నీళ్లలో నానబెట్టి పెడితే మధ్యాహ్నం దాకా చెమరుస్తూ చల్లగా ఉంటుంది.

నీళ్ల సీసా 500 మిల్లీలీటర్లది చాలు. నల్లగొండ ప్రాంతపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. సీసా గొట్టంలోని బంతి చుట్టూ తెల్లగా పేరుకుని, నీళ్లున్నా బయటికి రావు. సీసా నిండుగా కనిపిస్తుంది, జంతువు దాహంతో ఉంటుంది. రోజూ పొద్దున వేలితో బంతి నొక్కి చుక్క రావడం చూడాలి. మిషన్ భగీరథ నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడటం, వారానికోసారి గొట్టాన్ని వెనిగర్‌లో నానబెట్టడం మంచిది. తోడుగా ఒక మట్టి మూకుడులో కూడా నీళ్లు ఉంచాలి.

గడ్డి బుట్ట మూత్రం పోసే మూలకు పైనే వేలాడదీయడంలో ఉపాయముంది. తింటూనే విసర్జిస్తాయి కాబట్టి మురికి ఒకచోటే పడుతుంది, ఆ మూల ఒక్క గుడ్డ రోజూ మారిస్తే మిగతా పరుపు పొడిగా ఉంటుంది. ఎండబెట్టిన గరిక, సూపర్ నేపియర్ ఆకు వేయొచ్చు. లేత పిలక జొన్న మాత్రం బోను దరిదాపులకు రానివ్వకూడదు, అది మేసిన గొడ్డు పడిపోవడం పాలమూరు రైతుకు కొత్త కాదు.

శత్రువులు

కప్పు లేని బోను తలుపులు మూసే గదిలోనే పనికొస్తుంది. పిల్లులు తిరిగే ఇంట్లో పైన మరో 8 గ్రిడ్లు మూతగా వేసి బిగించాలి. పల్లె ఇళ్లలో పందికొక్కులు, పాములు కూడా ఉంటాయి. అక్కడ కోళ్లకు వాడే పల్చటి వల కాకుండా అర అంగుళం కన్నం ఉన్న వెల్డ్ మెష్ నాలుగు వైపులా చుట్టాలి. చీమల చాక్‌పీసు గీతలో పురుగుమందు ఉంటుంది, గీసిన నేల నాకితే ప్రమాదం. బోనుకు కాళ్లుంటే ఒక్కో కాలు నీళ్ల గిన్నెలో పెట్టడం మన పాత పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తుంది. దోమల చక్రం పొగ, అగరొత్తులు, మిరపకాయ తాలింపు ఘాటు తగిలే వంటగది పక్క గది వద్దు.

కుందేలుతో కలిపి ఒకే బోనులో ఉంచడం షాపుల్లో తరచూ కనిపిస్తుంది. కుందేలు వెనక కాలి తన్నుకు గినీ పిగ్ ఎముకలు తట్టుకోవు. పైగా కుందేలుకు ఏ బాధా పెట్టని బోర్డెటెల్లా అనే సూక్ష్మజీవి దీనికి న్యుమోనియా తెస్తుంది.

ఇక జత సంగతి. "జోడీ" అని ఆడ, మగ కలిపి అమ్మితే ఇప్పటిదాకా వేసిన చోటు లెక్కంతా తప్పుతుంది. గర్భం 59 నుంచి 72 రోజులు. ఈనిన కొద్ది గంటలకే ఆడది మళ్లీ చూలు కట్టగలదు. మగ పిల్లలు మూడు వారాల వయసుకే తల్లి నుంచి, అక్కచెల్లెళ్ల నుంచి వేరు కావాలి. 11 చదరపు అడుగుల బోను నాలుగు నెలల్లో ఇరుకైపోతుంది, రెండో బోనుకు ఇంకో చల్లని మూల వెతకాలి. రెండు ఆడవాటినో, కలిసి పెరిగిన రెండు మగవాటినో అడిగి తీసుకోవాలి. అమ్మేవాళ్లు చెప్పింది నమ్మకుండా ఇంటికి తెచ్చిన వారంలోనే తెలిసిన పశువైద్యుడితో ఆడో మగో చూపించాలి. అప్పటిదాకా మధ్యలో ఒక వరస గ్రిడ్లు నిలబెడితే ఒకే బోను రెండు గదులవుతుంది, కంచె అవతల తోడు కనబడుతూనే ఉంటుంది.